కదలని కార్డు

గౌస్ మొహిద్దీన్ ఎవరికీ అప్పు ఇవ్వడు, ఎవరి దగ్గరా అప్పు చేయడు. ప్రొద్దుటూరు నుంచి జెద్దా వచ్చి, ఒక కట్టడాల కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగంలో కుదురుకున్నప్పటి నుంచీ ఆయన పద్ధతి అదే. బ్యాంకువాళ్లు వెంటపడి క్రెడిట్ కార్డు అంటగడితే పుచ్చుకున్నాడు గానీ, వాడిందంతా గడువుకు ముందే కట్టిపారేసేవాడు. వడ్డీ అంటే ఆయనకు నిప్పు. అందుకే బ్యాంకుకు పోతే కుర్చీ వేసి కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవాళ్లు. అలాంటి మనిషి తన కార్డు మీద ఇంకొకరికి కార్డు ఇప్పించాడంటే చిన్న సంగతి కాదు. ఇచ్చానన్న తృప్తిలోనే ఏళ్లు గడిపి, అసలు తాను ఇచ్చిందేమిటని చివర్లో తనను తాను ప్రశ్నించుకోవాల్సి రావడం ఇంకా పెద్ద సంగతి.

ఆ ఇంకొకరు భూమేష్. మెట్‌పల్లి వాడు, ఏసీ మెకానిక్కు.

వాళ్ల పరిచయం నిచ్చెన మీద మొదలయింది. జెద్దా ఎండల్లో ఏసీ ఆగిందంటే ఇంట్లో మనుషులు ఆగిపోయినట్టే. ఒక ఆగస్టులో అజీజియాలోని గౌస్ ఫ్లాటులో అదే జరిగింది. చిన్నపాపకు జ్వరం. బిల్డింగుకు కాపలా ఉండే పఠాన్ ఎక్కడినుంచో ఒక మెకానిక్కును పట్టుకొచ్చాడు. అతను నిచ్చెనెక్కి పని మొదలుపెడితే, కింద గౌస్ భార్య తాజున్నీసా మొగుడి మీద విరుచుకుపడుతోంది.

"ఈ డొక్కు మిషన్ను ఎత్తి ఎడారిలో పారేయండి. దాంతోపాటు దాన్ని కొన్న మనిషిని గూడా పారేస్తే పీడ పోతాది."

నిచ్చెన మీది మనిషి కిందికి వంగి, "మిషన్ను పారేయకుర్రి అక్కా, మంచిగనే ఉంది. కెపాసిటర్ ఒక్కటే పోయింది" అన్నాడు.

తాజున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓయమ్మా! నువ్వు తెలుగోనివా? ఇంతసేపూ నేను తిట్టిందంతా వింటాన్నావా?"

"నన్ను తిట్టలేదు గద, సారును తిట్టిన్రు. నాకేమైతది?"

అంతే. ఆ రోజు అతను కెపాసిటర్ ఖరీదు తప్ప కూలి తీసుకోలేదు. "చిన్నపిల్ల జరం మీద కూలి తీసుకుంటే నాకు అరుగుతదా సార్" అన్నాడు. తర్వాత శుక్రవారాలు అతనికి ఆ ఇంట్లో పళ్లెం పడింది. తాజున్నీసా చేసిన సంగటి మొదటిసారి చూసి, "గిది ముద్దనా, ఫుట్‌బాలా అక్కా?" అని అడిగి, ఆ తర్వాత అది లేకపోతే అలిగేంత దగ్గరయ్యాడు.

భూమేష్‌కు ఒకటే కోరిక. సొంతంగా ఒక చిన్న వ్యాను. జెద్దాలో ఏసీ మెకానిక్కులు వందలమంది ఉన్నారు, కానీ వ్యాను ఉన్న మెకానిక్కు విలువ వేరు. వాడికి హోటళ్ల పనులు దొరుకుతాయి, కంపెనీలు పిలిచి పని ఇస్తాయి. నాలుగేళ్లు అలా సంపాదిస్తే మెట్‌పల్లి బస్టాండు దగ్గర తానే ఒక ఫ్రిజ్‌ల షాపు పెట్టుకోవచ్చు. భార్య స్వర్ణ అప్పటికే షట్టరు కూడా చూసి పెట్టింది. వాయిదాల మీద వ్యాను కోసం పోతే బ్యాంకువాళ్లు, నీకు మా దగ్గర పేరు లేదు పొమ్మన్నారు.

"పేరు లేదంటె ఎట్ల సార్?" అని ఒక శుక్రవారం భూమేష్ గౌస్‌ను అడిగాడు. "ఇకామా మీద ఉంది, పాస్‌పోర్టు మీద ఉంది. వచ్చి ఇన్నేండ్లాయె, ఎవ్వలకు రూపాయి బాకీ లేను."

"అదే నువ్వు చేసిన తప్పు" అని గౌస్ నవ్వాడు. "బాకీపడి తీర్చినోనికే బ్యాంకులో పేరప్పా. బాకీ లేనోడు వాళ్ల లెక్కన ఇంకా పుట్టనే లేదు."

"అప్పు జేసినోడే మంచోడన్నట్టు! గీ మాట మా ఊర్లె చెప్తె నన్ను ఆస్పత్రిల చూపిస్తరు."

గౌస్ నవ్వాడు గానీ ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. ఆ వారమే బ్యాంకుకు పోయి, కార్డుల విభాగంలో పనిచేసే ఇనాయతుల్లాను కలిశాడు. ఇనాయతుల్లాది మహబూబ్‌నగర్. మాటకారి. విషయమంతా విని, "దీనికి దారి ఉంది భాయ్" అన్నాడు. "మీ కార్డు మీద ఇంకో కార్డు ఇస్తం. దాని మీద అతని పేరు ఉంటది, బిల్లు మాత్రం మీకొస్తది. అతను వాడుకోవాలె, మీరు టైముకు కట్టాలె. రెండు మూడేండ్లు గట్ల నడిస్తే అతని వాడకం మా బ్యాంకుకు కనబడుతది. అప్పుడు వ్యాను ఫైలు తీసుకురండి, నేనే మేనేజర్ ముందర పెడత."

"అంతేనా?"

"అంతే. కాని ఒక్కటి యాదికి పెట్టుకోండి. కార్డు కదలాలె. పెట్రోలు కొట్టిచ్చుకోనీ, కోడిగుడ్లు కొననీ, ఏదో ఒకటి నెలనెలా కావాలె. పెట్టెల పెట్టుకున్న కార్డు మాకు కనబడదు." తర్వాత కంప్యూటరు వైపు తిరిగి, "మామూలుగ ఇంట్లోవాళ్లకు ఇస్తరు. ఏమైతడు మీకు?" అని అడిగాడు.

"తమ్ముడు."

ఇనాయతుల్లా, భూమేష్‌కు సౌదీలో ఉండే అనుమతిచ్చే ఇకామా కార్డు కాపీని వెలుగులోకి ఎత్తి చూశాడు. "గౌస్ మొహిద్దీన్ సాబ్ తమ్ముడు భూమేష్! అమ్మీజాన్‌కు తెలుసా?"

"తెలిస్తే సంతోషపడుతుంది. నువ్వు రాయప్పా."

నవ్వుకుంటూనే 'ఇతరులు' అన్నచోట టిక్కు పెట్టాడు ఇనాయతుల్లా.

కార్డు వచ్చిన శుక్రవారం తాజున్నీసా పాయసం చేసింది. భూమేష్ చేతులు కడుక్కొని, తుడుచుకొని, కార్డును రెండు చేతులా అందుకున్నాడు. దాని మీద ఉబ్బెత్తుగా ఉన్న తన పేరును బొటనవేలితో తడిమాడు. కళ్లకద్దుకున్నాడు. గౌస్ ఆ ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇనాయతుల్లా చెప్పిన మాట చెప్పాలనే అనుకున్నాడు. కానీ పెద్దవాడు చిన్నవాడికి ఏదన్నా ఇచ్చేటప్పుడు నోటికి ముందు ఏది వస్తుందో అదే వచ్చింది.

"జాగ్రత్తప్పా. పోగొట్టుకోవద్దు. పిన్ను ఎవరికీ చెప్పొద్దు. రూములో నలుగురు ఉంటారు, వాళ్ల కంట పడనీయొద్దు. అవసరమైతేనే తీయి."

"అట్లనే సార్. పానం లెక్క చూసుకుంట."

నెలనెలా కొంచెమైనా వాడుకోమన్న మాట మాత్రం, ఇంకోరోజు తీరిగ్గా చెబుదాంలే అని మిగిలిపోయింది.

తర్వాత కొద్ది రోజులకే, ఆఫీసులో జీతాల లెక్కలు తేలక గౌస్ తల పట్టుకొని ఉన్నప్పుడు ఫోను మోగింది. బ్యాంకు మెసేజి. తన ఖాతాలో, తనకు తెలియని ఏదో సామాన్ల దుకాణంలో ఖర్చు. పెద్ద మొత్తమేం కాదు. అయినా మరుక్షణం వేళ్లు భూమేష్ నంబరు నొక్కేశాయి.

"భూమేషూ, కార్డు నీ దగ్గరే ఉండాదా?"

"ఉంది సార్. ఏమాయె?"

"ఏం లే. మెసేజి వచ్చింది. ఎవరన్నా కొట్టేసినారేమోనని..."

భూమేష్ గొంతు కొంచెం తగ్గింది. "నేనే కొన్న సార్. గ్యాస్ కొలిచే గేజీ. పాతది పలిగిపోయింది. చెప్పి కొనాల్నేమో... తప్పాయెనా?"

"తప్పేముంది? నీ కార్డు, నీ ఇష్టం. ఊరికే అడిగినాలే."

ఆ సాయంత్రమే భూమేష్ ఆ గేజీ డబ్బులు తెచ్చి ఇచ్చాడు. బిల్లు వచ్చేదాకా ఆగవచ్చని గౌస్ చెప్పినా వినలేదు. దుకాణం రసీదును నాలుగు మడతలు పెట్టి నోట్ల మీద పెట్టాడు. పోలీసుల ముందు జేబులు ఖాళీ చేసే మనిషిలా ఉన్నాడని తాజున్నీసా తర్వాత అంది. గౌస్ మాత్రం, ఎంత పద్ధతైన మనిషి అనుకున్నాడు.

ఆ తర్వాత మెసేజి రాలేదు.

మొదటి నెల గౌస్ గమనించలేదు. రెండో నెల స్టేట్‌మెంటులో భూమేష్ పేరు కింద ఏమీ లేకపోవడం చూశాడు. మొహమాటపడుతున్నాడేమో, చెప్పాలి అనుకున్నాడు. చెప్పలేదు. 'నా కార్డు ఎందుకు వాడడం లేదు' అని అడిగితే, అతని ఖర్చులన్నీ కనిపెట్టి కూర్చున్నానని అనుకోడా? ఆ మొహమాటం నిజమే. కానీ దాని వెనక ఇంకొకటి ఉంది. ఆ ఖాళీ చూసినప్పుడల్లా గౌస్‌కు హాయిగా ఉండేది. లెక్కల మనిషి గదా. తన చేతిలో లేని ఖర్చు తన పేరు మీద పడటం అంటే, నిద్రలో కూడా ఒక కన్ను తెరుచుకొని ఉండటమే. భూమేష్ ఆ కన్నును మూసుకోనిచ్చాడు. ఇచ్చిన పుణ్యం తనకు దక్కింది, ఇచ్చిన భయం మాత్రం తప్పిపోయింది. ఇంతకన్నా ఏం కావాలి? ఈ మాట ఆయన అప్పుడు ఇలా అనుకోలేదు. మనిషి తనకు హాయిగా ఉన్నదాన్ని విప్పి చూసుకోడు కదా.

ఆ మరుసటి రంజానులో ఒక ఇఫ్తారుకు గౌస్ ఇంట్లో పదిమంది దాకా చేరారు. భూమేష్ కూడా వచ్చాడు, తువ్వాలు నడుముకు చుట్టి పళ్లేలు అందిస్తున్నాడు. బలద్ బజారులో దుకాణం నడిపే అబ్దుల్ ఘనీ, తన బామ్మర్ది తన కార్డు ఎలా గీకి పారేశాడో ఏకరువు పెడుతున్నాడు.

"ఫోను కొన్నడు, బూట్లు కొన్నడు, సెంటు కొన్నడు. ఆఖరికి నేను కొనిచ్చిన అంగీనే ఏస్కొచ్చి నాకే ఈద్ ముబారక్ చెప్పిండు!"

అందరూ పడీపడీ నవ్వారు. గౌస్‌కు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

"మనిషిని చూసి ఇయ్యాల ఘనీ భాయ్. ఇదిగో మా భూమేష్‌ను చూడు. నా కార్డు మీద కార్డు ఇప్పించినా. ఏమన్నా ముట్టుకున్నాడా? ఒక్క గేజీ కొన్నాడు, ఆ డబ్బులు గూడా సందేళకు తెచ్చి చేతిలో పెట్టినాడు. ఇన్నాళ్లకు ఒక్క హలాలా బిళ్ల గూడా వాడలేదు. అదీ నీతంటే!"

"మాషా అల్లా" అన్నారు చుట్టూ కూర్చున్నవాళ్లు. అబ్దుల్ ఘనీ లేచొచ్చి భూమేష్ భుజం తట్టి, "నా బామ్మర్దిని నీ దగ్గర ట్యూషన్‌కు పంపుత మియా" అన్నాడు. భూమేష్ తల వంచుకొని ఖర్జూరం గింజ తీస్తూ ఉండిపోయాడు. అది సిగ్గనుకున్నాడు గౌస్.

అందరూ వెళ్లాక గిన్నెలు సర్దుతూ తాజున్నీసా అంది, "మీరు పదిమందిలో అట్ల పొగిడితే ఇంక ఆ మనిషి కార్డు బయటికి తీస్తాడా?"

"మంచోన్ని మంచోడంటే తప్పా?"

"వాడుకోను ఇచ్చినారా, వాడకుంటే మెచ్చుకోను ఇచ్చినారా?"

"నీకు బ్యాంకు సంగతులు తెలీవులే తాజూ" అని నవ్వేశాడు. నిజానికి ఆ ఇంట్లో బ్యాంకు సంగతి తెలిసినవాడు ఆయనే. కార్డు కదలాలని విన్న చెవులు ఆయనవే.

కాలం అలాగే దొర్లిపోతే ఇదంతా ఎవరికీ గుర్తుండేది కాదు. కానీ 2017లో విదేశీయుల కుటుంబాల మీద పన్ను వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్కొక్క మనిషికీ నెలనెలా ఇంతని కట్టాలి, ఏటేటా అది పెరుగుతుంది. అజీజియాలో వీధికి నాలుగు ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి. బడి బస్సులు సగం సీట్లతో తిరిగాయి. తాజున్నీసా కూడా పిల్లలను తీసుకొని ప్రొద్దుటూరు వెళ్లిపోయింది. పోయేముందు భూమేష్‌కు అప్పచెప్పింది, "అన్నా, శుక్రవారం శుక్రవారం వచ్చి ఈయన్ను చూసిపో. లేదంటే బ్రెడ్డు తిని బతుకుతాడు" అని.

"నువ్వు ఫికరు జేయకక్కా. నేనే వండుత. కాని నీ ఫుట్‌బాలు మాత్రం నాకు రాదు."

ఆమె కళ్లొత్తుకుంటూనే నవ్వింది.

2018 వచ్చేసరికి పనివాళ్ల మీద కట్టాల్సినది కూడా పెరిగింది. భూమేష్ కంపెనీ యజమాని సౌదీలను పెట్టుకోలేక, విదేశీయుల మీద పన్ను కట్టలేక చేతులెత్తేశాడు. సౌదీలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేసే నితాకత్ లెక్కలో ఆ కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడ్డ కంపెనీకి తన పనివాళ్ల ఇకామాలు పొడిగించే వీలుండదు. ఇకామా తీరిపోయేలోగా పచ్చ కంపెనీకి మారాలి, లేదా ఎగ్జిట్ కొట్టించుకొని ఇంటికి పోవాలి.

భూమేష్‌కు ఒక దారి దొరికింది. ఒబుర్ దిక్కున మూడు హోటళ్ల ఏసీ పనులు చూసే ఒక కఫీలు, అంటే వీసాకు పూచీ పడే సౌదీ యజమాని, అతని పనితనం విని పిలిపించాడు. కంపెనీ పచ్చ. జీతం బాగుంది. ఒకటే షరతు. వ్యాను ఉన్నవాణ్నే తీసుకుంటాడు.

ఆ సంగతి చెప్పడానికి వచ్చిన భూమేష్ గుమ్మంలోనే చెప్పులు విడవడం మరిచిపోయాడు. "సార్, ఇగ మీరిచ్చిన కార్డు అక్కరకొచ్చే దినమొచ్చింది. నాలుగేండ్లాయె గద. ఇప్పుడు బ్యాంకుల నాకు పేరుంటది. ఉంటది గద సార్?"

గౌస్‌కు ఆ ఖాళీ స్టేట్‌మెంట్లు గుర్తొచ్చాయి. ఆ క్షణానే తెలిసిపోయింది ఆయనకు. అయినా, "చూద్దాం పా" అన్నాడు.

బ్యాంకులో ఇనాయతుల్లా పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. అందులో ఒక సౌదీ యువకుడు కూర్చొని పని నేర్చుకుంటున్నాడు. "నా కుర్చీకి కొత్త మాలిక్" అని ఇనాయతుల్లా తెలుగులో చెప్పి కన్నుగీటాడు. భూమేష్ ఇస్త్రీ చొక్కాలో, లైసెన్సూ ఇకామా కాపీలూ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని, నిటారుగా కూర్చున్నాడు. ఇనాయతుల్లా కంప్యూటరులో చూశాడు. కిందికి జరిపాడు, పైకి జరిపాడు.

"భాయ్, ఈ కార్డు ఎప్పుడన్న తిరిగిందా?"

ఇనాయతుల్లా తెర మీద వేలు పెట్టి చూపించాడు.

"రెండువేల పద్నాలుగుల ఒక్క ఖర్చు ఉంది. ఏదో సామాన్ల దుకాణం. గంతే. తర్వాత ఏం లేదు. దీన్ని పట్టుకొని నేను మేనేజర్ దగ్గర ఏమని చెప్పాలె?" గౌస్ వైపు తిరిగాడు. "నేను ఆ దినమే చెప్పిన గద మీకు, కదలాలె అని."

భూమేష్ మెల్లగా గౌస్ ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అడగడం కూడా లేదు. ఇప్పుడే ఒక కొత్త సంగతి తెలిసిందన్నట్టు చూశాడంతే. గౌస్ చూపు బల్లమీదికి దిగిపోయింది.

ఇనాయతుల్లా ఉండబట్టలేక, "ఇంకో దారి ఉంది" అన్నాడు. "గౌస్ భాయ్, మీ పేరు మీద తీసుకోండి. మీకైతే వారంల అయిపోతది. బండి అతను నడుపుకుంటడు, వాయిదాలు మీకిస్తడు."

గౌస్ నోరు తెరిచాడు. మాట రాలేదు. వారం కిందటే తమ ఆఫీసులో పెద్ద మేనేజరు, లెక్కల విభాగంలో సౌదీలను నింపాలని పైనుంచి ఉత్తర్వు ఉందని చెప్పాడు. ఎవరి వంతు ఎప్పుడో తెలియదు. పేరు మీద బండి బాకీ ఉంటే ఎగ్జిట్ కాగితం కదలదు. తాజున్నీసా, పిల్లలు, ప్రొద్దుటూరు, ఎయిర్‌పోర్టులో వెనక్కి తిప్పి పంపిన ఎవరెవరి కథలో — అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. "అదీ..." అన్నాడు.

"వద్దు వద్దు సార్" అని భూమేష్ అప్పటికే లేచి నిలబడ్డాడు. "మీ పేరు మీద వద్దు. మీకు పిల్లలున్నరు. నేను వేరే చూసుకుంట."

వద్దని అతను అన్నాడు. నిజమే. కానీ ఆ 'వద్దు' రావడానికి చోటిచ్చింది తన మౌనమేనని గౌస్‌కు తెలుసు. గుటక మింగినంతసేపు. అంతకన్నా ఎక్కువ లేదు. అవసరానికి అడగబోయిన మనిషి, ఎదుటివాడి ముఖంలో రంగు మారడం చూసి తానే వెనక్కి తగ్గడానికి అంతకన్నా సమయం పట్టదు.

గౌస్ రెండు మూడు రోజులు తన్నుకులాడాడు. అన్నం ముందు కూర్చొని లేచిపోయేవాడు. చివరికి తాజున్నీసాకు ఫోను చేసి అంతా చెప్పాడు.

ఆమె ఒక్కటే అడిగింది. "ఆ రోజు బ్యాంకు ఆయన ముందు తమ్ముడంటిరి. ఇప్పుడు ఆలోచిస్తాండారా?"

ఆయన వెంటనే భూమేష్‌కు ఫోను చేశాడు. "నా పేరు మీదే తీసుకుందాం భూమేషూ. రేపే పోదాం."

"అయిపోయింది సార్" అన్నాడు భూమేష్ తేలిగ్గా. "ఆ కఫీలు వేరేటోన్ని తీసుకున్నడు. బంగ్లాదేశ్ పిలగాడు, బండి ఉన్నోడు. నేను ఎగ్జిట్‌కు ఇచ్చిన. మంచిగైంది తియ్యుర్రి, స్వర్ణ సంబురపడుతుంది."

వెంటనే చెప్పివుంటే జరిగేదా, లేక ఆ మూడు రోజులూ తాను కావాలనే జరిపానా అని గౌస్ ఇవాళ్టికీ తనను తాను ప్రశ్నించుకుంటూనే ఉన్నాడు. అంత భయపడ్డ ఉద్యోగం ఆ తర్వాత చాలాకాలం నిలిచింది. వ్యాను వాయిదాలు తీరిపోయి ఇంకా మిగిలేంత కాలం. ఆ సంగతి అప్పుడు ఎవరికి తెలుసు? తెలిసి ఇవ్వడం వ్యాపారం. తెలియకుండా ఇవ్వడానికే గుండె కావాలి. ఆ గుండె ఆ రోజు తనకు లేకపోయింది.

భూమేష్‌ను ఎయిర్‌పోర్టుకు గౌసే తీసుకెళ్లాడు. మదీనా రోడ్డు మీద కారు మెల్లగా పోతోంది. చివరికి గౌసే అడిగాడు.

"ఎందుకు వాడలేదప్పా ఆ కార్డు?"

భూమేష్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇప్పుడెందుకు సార్ గదంత" అన్నాడు.

"చెప్పు. నాకు వినాలని ఉండాది."

"నాకు సమజ్ కాలే సార్. వాడకుంటె పేరొస్తదనుకున్న. మా దిక్కు గట్లనే గద. ఒకలు నమ్మి బీగం చేతులు ఇస్తె, అల్మారి తెరవకుండ మల్ల ఇచ్చుడే నమ్మకం." కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు. "గేజీ కొన్న దినం మీరు ఫోన్ జేసిన్రు. మీరు తప్పనలే. కాని మీ గొంతు ఇన్నంక, మల్ల చెయ్యి రాలే. ఒక్కసారి మాత్రం అనుకున్న. ఆ ఇఫ్తారు దినమే పొద్దుగాల ఏసీలు కడిగే పంపు చూసొచ్చిన. తెల్లారి కార్డు మీద తీసుకుందామని. మీరు అంతమందిల నన్ను గట్ల మెచ్చుకుంటిరి. ఇగ ఎట్ల తీయాలె సార్?"

గౌస్ స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. "వాడుకో అని నేను ఒక్కసారి చెప్పింటే?"

"వాడుకుందును" అన్నాడు భూమేష్. అంతే అన్నాడు.

ఎయిర్‌పోర్టులో జనం కిక్కిరిసి ఉన్నారు. అందరివీ తాళ్లతో కట్టిన పెట్టెలు, మూటలు, చుట్టిన కంబళ్లు. తిరిగి వచ్చేవాళ్ల సామాను కాదది. కాటా మీద భూమేష్ పెట్టె బరువు ఎక్కువ చూపించింది. కౌంటరులోని అమ్మాయి అదనానికి డబ్బు కట్టమంది. గౌస్ ఒక్క అడుగు ముందుకు వేశాడు.

"కార్డు తీయి భూమేషూ. ఇంకా నడుస్తాది. నువ్వే ఇయ్యి ఆమెకు. నేను చెప్తాండా, వాడు."

భూమేష్ పర్సు తీశాడు. కార్డు కొత్తదానిలా మెరుస్తోంది. ఒక నిమిషం దాన్ని చూసి, కౌంటరు మీద కాకుండా గౌస్ చేతిలో పెట్టాడు. "ఇది మీకిద్దామనే ఉన్న సార్, కారుల యాది మరిచిన."

"భూమేషూ..."

"ఎంత బరువు ఎక్కువుంది సార్? గంతకు పైసలెందుకు?" అంటూనే అతను పెట్టెను నేలమీదికి దించి, తాళ్లు విప్పుతున్నాడు. రెండు పాలపొడి డబ్బాలు, ఒక కంబళి బయటికి తీశాడు. వెనక వరసలో ఉన్న కరీంనగర్ వాళ్లెవరో "జల్ది కానీయే అన్న" అని అరిచారు. "అయిపాయె, అయిపాయె" అని నవ్వుతూ పెట్టె మళ్లీ కట్టాడు. కాటా ఎక్కించాడు. ఈసారి సరిపోయింది.

"గివి మీరు తీసుకపోర్రి. కంబళి మంచిది, రాత్రి ఏసీల కప్పుకోవచ్చు."

గౌస్ అతన్ని కావలించుకున్నాడు. ఏదో అనాలనుకున్నాడు. మన్నించు అనాలా? అంటే భూమేష్ 'ఎందుకు సార్' అంటాడు. నిజంగా ఎందుకో తెలియనట్టే అంటాడు. అది వినలేక ఊరుకున్నాడు. భూమేష్ లోపలికి నడిచాడు. అద్దాల అవతల ఒకసారి తిరిగి చెయ్యెత్తాడు.

కారులోకి వచ్చి కూర్చున్నాక తాజున్నీసా ఫోను చేసింది.

"ఎక్కినాడా?"

"లోపలికి పోయినాడు."

"ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అన్లేదు తాజూ. తిట్టింటే బాగుండు."

"సరే, ఇంటికి పొండి. ఏమన్నా తిన్నారా?" అంది.

గౌస్ పక్క సీటు వైపు చూశాడు. సీటు మీద రెండు పాలపొడి డబ్బాలున్నాయి. మెట్‌పల్లిలో భూమేష్ పిల్లలిద్దరూ వాటికోసం ఎదురుచూస్తూ ఉండాలి. వాటిని పార్సెలు చేసి పంపాలి, రేపే, ఆలోచించకుండా, అనుకున్నాడు. తర్వాత, స్వర్ణ అడ్రసు కూడా తాను ఎన్నడూ అడిగి తీసుకోలేదని గుర్తొచ్చి, బండి స్టార్టు చేయకుండా అలాగే కూర్చున్నాడు.